శాస్త్రమును సులభముగా దెలుపు గ్రంథములు

గొప్ప విషయములను సామాన్యులకు బోధపడునట్లు వ్రాయుట అల్పకార్యమని పలువురు తలంతురు. పండితులు పండితులకొఱకు వ్రాసినదే గ్రంథమనియు, బాలురకును గృహిణులకును తెలియునట్లు వ్రాసినది కాలక్షేపమునకు మాత్రమే పనికివచ్చుననియు అనుకొనువారు మనలో లేకపోలేదు. మేమును కొంతకాలము అట్లే తలచితిమి. ఆ తలంపును మార్చుకొనవలసి వచ్చిన కారణమును, అట్టి గ్రంథములవలన లోకమునకు గలిగిన మేలును, వానిని చదువవలసిన తీరును ఈ వ్యాసమున విన్నవింపగోరుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట వానకాలమున ఒక సాయంత్రము ప్రత్యేక తరగతి జరుగుచుండగా కరెంటు పోయినది. మేము బల్లమీద ఒక కొవ్వొత్తి వెలిగించి పాఠము సాగించుచుంటిమి. అంతట తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, "మాస్టరుగారూ, కట్టె కాలినచో బూడిద మిగులును గదా! కొవ్వొత్తి కాలినచో ఏమియు మిగులదేమి? కారిన మైనము కొంచెమే యున్నది. తక్కినది ఎక్కడికి పోయినది?" అని యడిగెను. "మైనము కరగి కారిపోవును, వత్తి మాత్రమే కాలును. ఇది పరీక్షలో వచ్చునది కాదు, కూర్చుండుము" అంటిమి. వాడు కూర్చుండెను. మఱుసటి సంవత్సరము వాని కుటుంబము పనుల నిమిత్తము వేఱొక యూరికి తరలిపోయినది.

ఆ పిమ్మట కొన్ని మాసములకు గ్రంథాలయమున పాత పుస్తకములను సర్దుచుండగా చిన్న ఆంగ్ల గ్రంథమొకటి మా చేతికి దొరకెను. దాని పేరు "కొవ్వొత్తియొక్క రసాయన చరిత్రము" అని యర్థమిచ్చును. తెఱచి చదువగా మా యుత్తరము తప్పని తేలినది. కాలునది ముఖ్యముగా మైనమేగాని వత్తి కాదు. ఆ బాలుడు వేసిన ప్రశ్న పనికిమాలినది కాకపోవుటయే గాక, ఆ గ్రంథమంతయు అట్టి ప్రశ్న మీదనే నిలిచియున్నది. ఉపాధ్యాయ శిక్షణము పొంది, ఏండ్లకొలది పాఠములు చెప్పిన మేము దానిని "కూర్చుండుము" అను నొక్కమాటతో ముగించితిమి. ఈ సంగతి మా మనస్సును మిక్కిలి నొప్పించెను.

ఆ గ్రంథమునకు మూలమైనవి మైకేల్ ఫారడే అను మహాశాస్త్రజ్ఞుడు 1860-61 సంవత్సరముల క్రిస్మసు సెలవులలో లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో బాలబాలికల కిచ్చిన ఆఱు ఉపన్యాసములు. వానిని చెప్పినవి చెప్పినట్లు వ్రాయించి, విలియం క్రుక్సు అను మఱియొక శాస్త్రజ్ఞుడు 1861లో పుస్తకముగా వెలువరించెను. నూటయఱువది యేండ్లు దాటినను అది నేటికిని అచ్చగుచు చదువబడుచున్నది. ప్రకృతి శాస్త్రములోనికి ప్రవేశించుటకు కొవ్వొత్తికంటె మంచి ద్వారము లేదని ఫారడే యభిప్రాయము. అది వట్టి మాట కాదని చూపుటకు అందలి సంగతులు కొన్ని మన యిండ్లలోని వస్తువులతో పోల్చి చెప్పెదము.

వెలుగుచున్న కొవ్వొత్తిని నిదానించి చూడుడు. మంట క్రింద మైనము కరగి చిన్న గిన్నె వలె ఏర్పడును. ఆ గిన్నె నెవ్వరు చేసిరి? మంటచే వేడెక్కిన గాలి పైకి పోవుచుండగా, చుట్టునుండి చల్లని గాలి కొవ్వొత్తి ప్రక్కల నొరసికొని పైకి వచ్చును. దానిచే అంచు చల్లబడి గట్టిగా నిలుచును. నడుమ మాత్రము కరగును. ఆ గిన్నెలోని మైనము వత్తిగుండ పైకి ప్రాకును. తువ్వాలు కొన నీటిలో మునిగియున్నచో తడి మెల్లమెల్లగా పైకి ఎక్కుట మీరు చూచియే యుందురు. ప్రమిదలో నూనె వత్తికి ఎక్కుటయు అట్టిదే. పైకి చేరిన మైనము వేడిమికి ఆవిరియగును. మంటయై వెలుగునది ఈ యావిరియే. వత్తి ఆ మైనమును మోసికొనిపోవు కూలివాడు మాత్రమే.

ఇది నిజమేనా యని సందేహించువారికి ఫారడే ఒక చిన్న పరీక్ష చూపెను. కొవ్వొత్తిని మెల్లగా ఆర్పినచో వత్తినుండి తెల్లని పొగ తీగవలె లేచును. అగ్గిపుల్ల వెలిగించి, వత్తికి తగిలింపక, రెండంగుళముల పైన ఆ పొగకు మాత్రమే చూపినచో, నిప్పు పొగవెంట దిగివచ్చి కొవ్వొత్తి మరల వెలుగును. ఆ పొగ మైనపుటావిరియే యనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను? విద్యార్థులు దీనిని పెద్దల యెదుట మాత్రమే చేసి చూడవలెను.

మంట పసుపుపచ్చగా ప్రకాశించుటకు కారణమేమి? అందులో మిక్కిలి సన్నని బొగ్గు రేణువులు ఎఱ్ఱగా కాలి మెఱయుచుండును. ఆ ప్రకాశము వానిదే. మంటలోని వెలుగు భాగమున చల్లని చెంచా నుంచినచో అది నల్లగా మసిబాఱును. మన తల్లులు దీపముమీద ఇత్తడి పాత్ర బోర్లించి కాటుక పట్టునపుడు చేయుచున్నదియు అదే. మఱి ఆ బొగ్గు అన్నివేళల మసిగా బయటికి రాదేమి? మంట యంచున గాలియందలి ప్రాణవాయువుతో కూడి, కంటికి గానరాని బొగ్గుపులుసు గాలియై పోవుచున్నది. తాంబూలపు సున్నమును నీటిలో కలిపి తేర్చిన తేటనీటిని కొవ్వొత్తి మండిన సీసాలో పోసి కుదిపినచో అది పాలవలె తెల్లనగును. ఆ గాలి అచ్చట నున్నదనుటకు అదియే గుర్తు.

ఇంకొక వింత కలదు. మంటకు పైగా కొంచెమెత్తున చల్లని గ్లాసును పట్టినచో లోపల సన్నని చెమ్మ పట్టును. అది నీరు! మైనములోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసినందున మంటలోనుండి నీరు పుట్టుచున్నది. నిప్పునకు నీరు శత్రువని పుట్టినది మొదలు వినుచున్న మనకు, ప్రతి దీపమును నీటిని కనుచున్నదన్న మాట ఎంత వింతగా నుండును!

ఇపుడు ఆ బాలుని ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. కట్టెలో మంటకు లొంగని ఖనిజములు కొన్ని కలవు, అవి బూడిదగా మిగులును. మైనములో అట్టివి లేవు. అయినను మైనము నశించిపోలేదు. 14 గ్రాముల మైనము పూర్తిగా కాలినచో, గాలినుండి సుమారు 48 గ్రాముల ప్రాణవాయువును గైకొని, ఇంచుమించు 18 గ్రాముల నీటియావిరిగాను, 44 గ్రాముల బొగ్గుపులుసు గాలిగాను మాఱును. మన కంటికి మాయమైన వస్తువు నిజముగా నాలుగింతలకంటె ఎక్కువ తూకము గలదై మన గదిలోనే తిరుగుచున్నది.

ఆఱవ యుపన్యాసమున ఫారడే కొవ్వొత్తిని విడిచి శ్రోతల ఊపిరిని గుఱించి చెప్పెను. సున్నపు తేటలోనికి గొట్టముతో ఊదినచో అదియు తెల్లనగును. మనము తిను అన్నములోని కర్బనము మన దేహమున ప్రాణవాయువుతో కూడి, కొవ్వొత్తినుండి వచ్చు గాలియే మన ముక్కునుండి వెలువడుచున్నది. ఆ గాలిని చెట్లు గైకొని పెరుగుచున్నవి. ఒక కొవ్వొత్తి మొదలుకొని జీవకోటి యంతటివఱకు ఒక్క దారమున గ్రుచ్చి చూపిన తరువాత, మీరును మీ చుట్టునున్నవారికి ఈ కొవ్వొత్తివలె వెలుగునిత్తురుగాక యని దీవించి ఆయన ముగించెను.

ఇట్లు బాలురకు బోధించిన ఫారడే ఏ కళాశాలలో చదివెనని మీరడుగుదురు. ఆయన ఏ కళాశాలలోను చదువలేదు. 1791లో లండను సమీపమున ఒక కమ్మరివాని యింట పుట్టెను. ఇల్లు పేదది. 1801లో ధరలు మండిపోయినపుడు తొమ్మిదేండ్ల ఆ బాలునికి వారమంతటికి ఒక్క రొట్టె మాత్రమే దొరకెనట. చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు నేర్చినంతనే బడి ముగిసెను. 1804లో రీబో అను పుస్తకముల వర్తకుని యంగడిలో సందేశములు మోయు కుఱ్ఱవాడుగా చేరి, మఱుసటి యేడు మొదలుకొని ఏడేండ్లు పుస్తకముల బైండింగు పని నేర్చుకొనెను. అట్ట కట్టుటకు వచ్చిన పుస్తకములను పని ముగిసిన పిమ్మట చదివెడివాడు. అట్లు వాని చేతికి వచ్చిన పుస్తకములలో నొకటి "రసాయనశాస్త్ర సంభాషణలు".

ఆ గ్రంథమును వ్రాసినది జేన్ మార్సెట్ అను గృహిణి. ఆమె వైద్యుని భార్య. రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ పండితుని యుపన్యాసములకు పోయెడిది గాని, మొదట అవి ఆమెకు సరిగా బోధపడలేదు. పిమ్మట ఒక మిత్రునితో సంభాషించుచు, ప్రయోగములు చేసి చూచుచు, ఆ విషయములను గ్రహించెను. తనకు సంభాషణవలన తెలిసినది ఇతరులకును అట్లే తెలియునని తలచి, ఒక యుపాధ్యాయురాలును ఇద్దఱు బాలికలును మాటలాడుకొనునట్లు ఆ గ్రంథమును రచించెను. ఒక బాలిక తొందరపడి యడుగును, మఱియొకతె నిదానించి యడుగును, ఉపాధ్యాయురాలు ఇద్దఱికిని ఓపికతో చెప్పును. 1805వ సంవత్సరాంతమున అది వెలువడినపుడు దానిమీద రచయిత్రి పేరు లేదు. పెక్కు కూర్పులు వెలువడినవఱకును ఆమె తన పేరు ప్రకటింపలేదు.

ఇట ఒక సంగతి గమనింపవలెను. ఆ గ్రంథమున తప్పులు లేకపోలేదు. ఆనాటి శాస్త్రజ్ఞుల మతము ననుసరించి ఆమె వేడిమిని ఒక పదార్థముగా లెక్కించెను. అది సరికాదని తరువాతి కాలమున తేలినది. అట్లయ్యును ఆ పుస్తకము బైండింగు కుఱ్ఱవానిని చెడగొట్టలేదు. ఏలననగా అతడు దానిని గ్రుడ్డిగా నమ్మలేదు. తన కొలది సంపాదనతో తేగలిగిన సామగ్రితో అందలి ప్రయోగములను చేసి చూచెను. చేసినంతవఱకు గ్రంథము చెప్పినది నిజమని తేలినపుడు, జ్ఞానమున తన కొక ఆధారము దొరకినదని సంతోషించెను. 1858లో మార్సెట్ మరణించిన పిమ్మట ఒక మిత్రునికి వ్రాసిన లేఖలో ఫారడే ఈ సంగతిని తెలిపి, ఆమె యెడల తనకు గల కృతజ్ఞతను వెల్లడించెను. తన శాస్త్రపత్రములను ఆమెకు కానుకగా పంపుచుండెడివాడట.

1812లో అంగడికి వచ్చెడి యొక పెద్దమనుష్యుడు డేవీ యుపన్యాసములకు చీట్లు ఇప్పించగా, ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, వానిని శుభ్రముగా వ్రాసికొని, తానే అట్ట కట్టి డేవీకి పంపెను. 1813 మార్చిలో ఆయనకు సహాయకుడుగా కుదిరెను. 1831లో తీగచుట్టలో అయస్కాంతమును కదలించినచో విద్యుత్తు పుట్టునని కనుగొనెను. నేడు మన యిండ్లకు వచ్చు విద్యుత్తును పుట్టించు గొప్ప యంత్రములు ఈ సూత్రముమీదనే నడుచుచున్నవి. ఆనాడు మా తరగతిలో పోయిన కరెంటునకును, దానికి మాఱుగా మేము వెలిగించిన కొవ్వొత్తికిని సంబంధించినవాడు ఒక్కడే యని తలచుకొనినపుడు మాకు నవ్వును సిగ్గును ఒక్కసారి కలిగినవి.

పిమ్మటి కూర్పులలో మార్సెట్ తన గ్రంథమున ఫారడే కనుగొన్న విషయములను చేర్చెను. పుస్తకమును చదివి నేర్చుకొన్న బాలుడు, అదే పుస్తకమున పాఠమైనాడు. సులభ గ్రంథములు ఆటవస్తువు లనువారికి ఇంతకంటె వేఱు సమాధాన మక్కఱలేదు.

అయితే సులభముగా నున్న పుస్తకము లన్నియు మంచివి కావు. మంచిదానిని గుర్తించుట ఎట్లు? మొదటిది, అది మనమెఱిగిన దానినుండి మొదలుపెట్టి ఎఱుగనిదానికి మెట్లు కట్టును. నడుమ ఒక మెట్టును ఎగురగొట్టదు. రెండవది, "ఇది యిట్లున్నది" అని మాత్రము చెప్పి యూరకుండక, "ఇది యిట్లున్నదని మనకెట్లు తెలిసినది" అనియు చెప్పును. ఫారడే ప్రతి మాటకును బల్లమీద ఒక సాక్ష్యము నిలిపెను. 1782లో సముద్రమున మునిగిన యొక యోడనుండి పైకి తీసిన కొవ్వొత్తిని సయితము, ఉప్పునీటిలో ఎన్నియో యేండ్లు నానినను వెలుగునని వెలిగించి చూపెను. మూడవది, తాను విడిచిపెట్టినదేదో దాచదు. స్టీఫెన్ హాకింగ్ 1988లో విశ్వమును గుఱించి "ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్" అను గ్రంథమును ప్రకటించెను. ప్రతి సమీకరణమును పుస్తకపు అమ్మకమును సగము తగ్గించునని ఒకరు తనకు చెప్పిరనియు, అందుచే ఐన్‌స్టయిన్‌ది ఒక్కటి మాత్రము ఉంచితిననియు ఆయనయే ముందుమాటలో ఒప్పుకొనెను. గణితము తీసివేసినపుడు భావము నిలుచును గాని, దానిని నిలబెట్టిన కంబములు కానరావు. కావున అట్టి గ్రంథమును చదివినవాడు శాస్త్రమంతయు తెలిసినదని గర్వింపరాదు. వాకిలి తెఱచినవారికి ఇల్లంతయు చూచితిమని చెప్పుకొను హక్కు లేదు.

ఇట్టి గ్రంథములు దేశముల నడవడినిగూడ మార్చగలవు. 1962లో రేచెల్ కార్సన్ అను అమెరికా రచయిత్రి పురుగుమందులవలన పక్షులకును చేపలకును కలుగు కీడును గుఱించి "సైలెంట్ స్ప్రింగ్" అను పుస్తకము వ్రాసెను. అది ప్రజలలో గొప్ప విచారమును రేపెను. 1972లో ఆ దేశ ప్రభుత్వము పంటలపై డి.డి.టి. వాడుకను నిషేధించినది. రసాయనశాస్త్ర మెఱుగని గృహస్థులు ఆ పుస్తకము చదివి ప్రశ్నింప మొదలిడుట దానికి ముఖ్యకారణములలో నొకటి.

మన తెలుగునాటను ఈ ప్రయత్నము పాతదే. కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, చరిత్రమును శాస్త్రములను తెలుగు చదువరులకు అందుబాటులోనికి దెచ్చిరి. అటుపిమ్మట నండూరి రామమోహనరావు "విశ్వరూపము"న ఆకాశమును గుఱించియు, "నరావతారము"న మానవుని పరిణామమును గుఱించియు కథవలె చదువదగునట్లు వ్రాసిరి. ఆంగ్లము రానంతమాత్రమున గొప్ప భావములు మనకు దూరము కావని ఇట్టివారి కృషి చాటుచున్నది.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. బిడ్డ పాఠ్యపుస్తకము కానిదానిని చదువుచుండగా చూచి, "ఇది పరీక్షకు వచ్చునా?" అని కోపింపకుడు. మేమును ఆ మాట అన్నవారమే గనుక మీ భయమును ఎఱుగుదుము. మార్కులు కావలెను, వానిచేతనే పై తరగతి, వానిచేతనే యుద్యోగము. కాని పరీక్షకు రాని ప్రశ్నను ఒకసారి అణచినచో, వాడు రెండవసారి అడుగడు. అడుగుట మానిన బిడ్డకు మార్కులు వచ్చినను చదువు రాదు.

విద్యార్థులారా, మీకును ఒక్క మాట. పుస్తకమును నమ్ముడు, కాని పరీక్షించి నమ్ముడు. మా మాటనైనను అట్లే చేయుడు. ఆనాడు ఆ బాలుడు మా యుత్తరమును నమ్మి కూర్చుండెనో, నమ్మకయే మర్యాదకొఱకు కూర్చుండెనో మాకు తెలియదు. ఇపుడు మేము పాఠములో లేని ప్రశ్న వచ్చినచో దానిని నల్లబల్ల కుడిమూలను వ్రాసి, ఉత్తరము దొరకువఱకు చెఱుపకుండ ఉంచుచున్నాము. కొన్ని వారములకొలది అట్లే యుండును. ఉపాధ్యాయునకు తెలియదని పిల్లలందఱు చూతురు. చూచినను నష్టము లేదు.

ఆ బాలుడిపుడు ఎక్కడ నున్నాడో మేమెఱుగము. ఈ సంచిక ఎట్లయినను వాని చేతికి చేరినచో, ఆనాడు మేము చెప్పవలసియుండి చెప్పలేని యుత్తరము ఇందున్నది.